నిమ్మలకుంట తోలు స్టార్: రెండు క్రిస్మస్‌లు వాడాక రాస్తున్న రివ్యూ

డిసెంబర్ ఒకటో తారీఖు వచ్చిందంటే అనంతపురం పాతూరులో మా వీధి క్రైస్తవుల ఇళ్ళ ముందు స్టార్లు వేలాడతాయి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో కూడా ఏటా ఇదే వరస, నూటయాభై పెట్టి కొత్త ప్లాస్టిక్ స్టార్ కొనడం, సంక్రాంతి నాటికి అది రంగు వెలిసి మూలలు చిరిగి చెత్తబండిలోకి పోవడం. నూటయాభయ్యే కదా అని ఎవరం పట్టించుకోలేదు. మూడేళ్ళ కిందట వానాకాలంలో మా ఇంటి వెనక కాలువ పూడిపోతే, పూడిక తీసి గట్టు మీద పోసిన బురదలో ఒక స్టార్ ముక్క కనిపించింది. అది మాదేనో ఇంకొకరిదో గానీ అచ్చం మేం పారేసిన లాంటిదే. చుట్టూ ఉన్న ఆకులూ కొమ్మలూ అన్నీ కుళ్ళి నల్లగా అయిపోయాయి, ఆ మెరుపు కాగితం మాత్రం ఎర్రమట్టిలో నుంచి ఇంకా మెరుస్తూనే ఉంది. నాకు చాలా బాధేసింది. క్రీస్తు పుట్టాడని వేలాడదీసిన వస్తువు అది, కాలువకు అడ్డం పడి ఉంది.

ఆ రోజు నేనూ మా ఆయనా ఒక మాట అనుకున్నాం. ఇకమీదట క్రిస్మస్‌కి ఇంట్లోకి ఏది తెచ్చినా, జనవరిలో అది ఎక్కడికి పోతుందో ముందే చెప్పగలిగితేనే తేవాలి. ఈ రివ్యూ అంతా ఆ లెక్కలోనే రాస్తున్నా. అసలు సంగతి నిమ్మలకుంటలో చేయించిన తోలు స్టార్ గురించే, మిగతావి దాని వెనకాల వస్తాయి.

మొదట ఒక తప్పు కొనుగోలు. ఆన్‌లైన్‌లో 'ఎకో ఫ్రెండ్లీ పేపర్ స్టార్' అని చూసి 499 రూపాయలు పెట్టి తెప్పించాను. ఎవరి దగ్గర అన్నది ఇక్కడ రాయను, అలాంటివి అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. అట్టపెట్టె విప్పితే లోపల బుడగల కవరు, దాని లోపల ఇంకో పల్చటి కవరు, అందులో స్టార్. కాగితమే గానీ పైన ప్లాస్టిక్ పొర అంటించారు, గోటితో గీకితే పొర పొరగా ఊడొచ్చింది. దాని మీద మళ్ళీ గ్లిటర్. గ్లిటర్ అంటే మామూలుగా రంగూ మెరుపూ పూసిన ప్లాస్టిక్ ఫిల్మ్‌ను సన్నగా కోసిన ముక్కలే, ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. చేతులు కడిగితే ఆ నీళ్ళతో పాటు కాలువలోకి పోతుంది తప్ప కరిగేది కాదు. మా పాప దిండుకు అంటుకున్నది ఫిబ్రవరి వరకు వదల్లేదు. అందుకే ఎకో అని రాసి ఉన్నవి కొనేటప్పుడు ముందు గోటితో గీకి చూడండి, ఆన్‌లైన్‌లో అయితే ఆ వీలు లేదు కాబట్టి గ్లిటర్, లామినేషన్ అనే మాటలు వివరాల్లో ఉన్నాయేమో చదవండి.

ఇక తోలు స్టార్ సంగతి. మా ఆడపడుచును ధర్మవరం ఇచ్చాం. వాళ్ళ ఇంట్లో మంచం పక్కన నిమ్మలకుంట తోలు లాంప్ ఒకటి ఎప్పట్నుంచో ఉంది, నెమళ్ళూ హంసలూ ఉన్న గుండ్రటి లాంప్. ఒకరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు అది ఒక్కసారిగా వెలిగితే చూసి, "ఎంత బాగుందో" అన్నాను. "వదినా, దీన్నే స్టార్ లాగా చేయమంటే చేయరా ఏంది?" అంది తను. అంతే, ఆ మాట పట్టుకుని సెప్టెంబర్ చివర ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరాం.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలో ఉంది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ 2022 దాకా మన అనంతపురం జిల్లానే. ఒకప్పుడు ఊరూరా రాత్రంతా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు వాళ్ళవి. ఆట చూసేవాళ్ళు తగ్గిపోయాక అదే తోలుతో, అదే ఉలితో లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టి బతుకుతున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేం వెళ్ళింది ఇంకొకరి ఇంటికి, మా ఆడపడుచు వాళ్ళకు ముందునుంచీ తెలిసిన మనిషి, పేరు రాయడం లేదు.

వరండాలో చాప మీద కూర్చుని పని చేస్తున్నాడాయన. ముందొక చెక్క దిమ్మె, దాని మీద తోలు, ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో సుత్తి. ఉలి పెట్టి టక్కుమని ఒక్క దెబ్బ కొడతాడు, ఆవగింజంత గుండ్రటి తోలు ముక్క ఎగిరి పడుతుంది, ఉలి పక్కకు జరుగుతుంది, మళ్ళీ టక్. కొలబద్ద లేదు, చుక్కలు పెట్టుకోలేదు, అయినా రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం ఒక్కటే. ఆయన కాళ్ళ చుట్టూ ఆ తోలు గింజలు ఆవాలు ఒలికినట్టు పడి ఉన్నాయి. గుండ్రటి ఉలి, నెలవంక ఉలి, బియ్యపు గింజ లాంటి ఉలి, పది పన్నెండు రకాలు ఒక డబ్బాలో పెట్టుకున్నాడు. మా పాప అరగంట పాటు కదల్లేదు అక్కడి నుంచి.

"స్టార్ చేస్తాం గానీ లోపల ఏం బొమ్మ రాయాలక్కా?" అని అడిగాడు. నేను అంతవరకూ ఆలోచించుకోలేదు. చెట్లూ గంటలూ అందామనుకుని ఎందుకో ఆగి, "గొర్రెల కాపరులను రాయండన్నా, రాత్రిపూట మంద కాచుకునేవాళ్ళు" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. మూడు వారాలకు రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే స్టార్ ఐదు మూలల్లో ఐదుగురు కాపరులు, భుజం మీద కంబళి, చేతిలో కర్ర, నడుముకు తిత్తి, ధర్మవరం రోడ్డు మీద మందను తోలుకుపోతూ మనకు ఎదురొచ్చే మనుషులే. ముఖాలు మాత్రం తోలుబొమ్మల్లో ఉన్నట్టే పక్కకు తిరిగి, కళ్ళు ఇంతింత పెద్దవి, ఆ కళ్ళన్నీ మధ్యలో ఉన్న పువ్వు వైపు చూస్తున్నాయి. బల్బు ఆ పువ్వు వెనకే వెలుగుతుంది. మా అత్త దాన్ని చాలాసేపు చూసి, "ఈయప్ప మా నాయన మాదిరే ఉన్నాడే" అంది. వాళ్ళ నాయన గొర్రెలు కాసిన మనిషే. క్రీస్తు పుట్టాడన్న కబురు రాత్రిపూట మంద కాచుకునే కాపరులకు అందిందని ప్రతి ఏడూ లూకా సువార్తలో వింటూనే ఉంటాం గానీ ఆ కాపరులు మా ఇంటి మనుషులని నాకు ఎప్పుడూ తట్టలేదు, ఈ స్టార్ వేలాడదీశాకే తట్టింది. దీనికి నేను ఎన్ని మార్కులు ఇచ్చినా తక్కువే.

సైజు మూల నుంచి మూలకు రెండడుగులు. ఇనుప తీగ ఫ్రేమ్, రెండు వైపులా తోలు, మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంటుంది. రెండు మేకతోళ్ళు పట్టాయన్నాడు. ధర 2,500. అవును, ఎక్కువే, మా ఆయన కూడా మొదట నా వైపు చూశాడు. కానీ మూడు వారాల్లో మధ్య మధ్యలో చేసినా, గీయడం, ఉలి పని, రంగులు, కుట్టు కలిపి ఎన్ని రోజుల చేతిపని అందులో ఉందో కళ్ళారా చూశాం కాబట్టి బేరం ఆడలేదు. మీరూ ఆడొద్దని నా మనవి.

వెలుతురు గురించి చెప్పాలి. మొదటి రోజు తెల్లటి బల్బు పెట్టాం, రంగులన్నీ పాలిపోయి కనిపించాయి. పసుపు వెలుగు ఇచ్చే 5 వాట్ల ఎల్‌ఈడీ మార్చాక ఎరుపూ ఆకుపచ్చా తేనెరంగూ అన్నీ లేచాయి. పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టకండి, ఆ వేడికి తోలు బిగుసుకుపోయి ముడుచుకుంటుంది. రాత్రి ఏడింటికి వరండా లైటు ఆర్పి స్టార్ వేస్తే, ఉలి రంధ్రాల్లో నుంచి వచ్చే వెలుతురు చుక్కలు గోడ మీదా కప్పు మీదా పడతాయి, గాలికి స్టార్ తిరిగితే ఆ చుక్కలన్నీ మెల్లగా నడుస్తాయి. క్యారల్స్ రౌండ్స్‌కి వచ్చిన పిల్లలు పాట అయిపోయాక కూడా వెళ్ళకుండా ఆ చుక్కలను చేతుల్లో పట్టుకోవాలని చూశారు.

తోలు కదా, ఇది ప్రకృతికి మంచిదెలా అవుతుందని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మాంసం కోసం కోసిన మేకల తోలే వాళ్ళు కొంటారు. బూట్లకూ బ్యాగులకూ వాడే తోలును చాలావరకు క్రోమియం మందులతో పదును చేస్తారు, ఆ నీళ్ళ వల్లే తోళ్ళ ఫ్యాక్టరీల దగ్గర వాగులు పాడవుతాయి. ఈ బొమ్మల తోలు అలా పదును చేసింది కాదు, నానబెట్టి, వెంట్రుకలు తీసి, పల్చగా గీకి, లాగి కట్టి ఎండబెట్టింది, అందుకే వెలుతురు దాని గుండా వస్తుంది. రంగులు మాత్రం ఇప్పుడు ఎక్కువగా అంగట్లో కొన్న రంగులే, ఆకులూ బెరళ్ళతో చేసే పాత రంగులు కావు, అది కూడా మీకు తెలియాలి. అసలు తోలు వస్తువే ఇంట్లోకి రానివ్వని వాళ్ళుంటారు. వాళ్ళకు నేను చెప్పేది మా నాన్న చేసిన స్టార్. వెదురు బద్దలు సన్నగా చీల్చి రెండు నక్షత్రాలు కట్టి, మధ్యలో అడ్డపుల్లలు పెట్టి ఉబ్బెత్తు చేసి, మైదాపిండి ఉడికించిన జిగురుతో గాలిపటాల కాగితం అంటించేవాడు. ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు పురుగు పట్టకుండా. అది విషం, పిల్లల చేతికి అందనివ్వకండి. కాగితం చిరిగితే మరుసటి ఏడాది కాగితం మాత్రమే మార్చేవాడు, ఆ వెదురు చట్రం నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఇంటర్ అయ్యేదాకా అదే.

లోపాలు కూడా చెప్తాను. మొదటి వారం రోజులు తోలు వాసన వస్తుంది, వరండాలో అయితే పర్వాలేదు, గదిలో అయితే కిటికీ తీసి పెట్టాలి. తడి అస్సలు తగలకూడదు. పోయిన డిసెంబర్‌లో తుపాను ముసురు పట్టిన రాత్రి దాన్ని లోపలికి తీయడం నేను మర్చిపోయాను, పొద్దున చూస్తే ఒక మూల మెత్తబడి చుట్టుకుపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ చేస్తే ఆయన, "ఎండలో పెట్టొద్దక్కా, నీడలో ఆరనీ, కొంచెం తడి ఉండగానే రెండు పలకల మధ్య పెట్టి బరువు పెట్టు" అన్నాడు. మూల కుట్టు విప్పి, తోలును రెండు పీటల మధ్య పెట్టి, మీద రోలు పెట్టాం. మూడు రోజులకు దాదాపు పూర్వం మాదిరి అయింది, తీగకు మళ్ళీ కుట్టాను, దగ్గరికెళ్ళి చూస్తే చిన్న అల కనిపిస్తుంది. ఇంకోటి, ఎలుకలు. తోలంటే వాటికి ఇష్టం. అటక మీద ఊరికే పడేస్తే ఏడాదికి మిగలదు. అయితే మేం అటక ఎక్కించడం లేదు. జనవరిలో హాల్లో మూలకు మార్చాం, ఏడాదంతా సాయంత్రం పూట అదే మా దీపం. క్రిస్మస్ నెలలో స్టార్, మిగతా పదకొండు నెలలు లాంప్. జనవరిలో ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు ఇంకే వస్తువులోనూ దొరకలేదు.

చెట్టు విషయంలో మాత్రం ఒక దెబ్బ తిన్నాం. ఒక నర్సరీలో 'క్రిస్మస్ ట్రీ' అని కుండీలో అమ్మే మొక్క 900 పెట్టి తెచ్చాం, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలుండే అరకేరియా. కడియం నుంచి లారీలో వచ్చిందట. ఎంత ఎండైనా తట్టుకుంటుందని చెప్పి ఇచ్చారు. గోదావరి పక్కన తేమలో పెరిగిన మొక్క, ఏడాదంతా కలిపినా వాన తక్కువే పడే మన ఊరికి వచ్చి, ఏప్రిల్‌లో పడమటి ఎండకు కొసల నుంచి ఎర్రగా మాడడం మొదలుపెట్టింది. నీళ్ళెక్కువ పోశాను, అదీ తప్పే, మే నెలలో చచ్చిపోయింది. మీరు కొంటే పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోటు ఉంటేనే కొనండి. ఇక ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉన్నవాళ్ళు దయచేసి దాన్ని పారేయకండి. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వెనక సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం ఉంటుంది, కనీసం పదేళ్ళు వాడితేనే అసలు చెట్టుతో పోల్చదగ్గ స్థాయికి వస్తుంది. అది ఇప్పటికే తయారైపోయింది, పారేస్తే ఆ భారం తగ్గదు. మా తోడికోడలు పదకొండేళ్ళుగా ఒకటే చెట్టు వాడుతోంది, నాకు దాంట్లో తప్పేమీ కనిపించదు.

మేం ఇప్పుడు ఎండిపోయి రాలిన చింతకొమ్మ ఒకటి తెచ్చి, సున్నం రెండు పూతలు వేసి, ఇసుక నింపిన బిందెలో నిలబెడుతున్నాం. సున్నం ఆరాక తెల్లగా, మంచు పట్టినట్టే ఉంటుంది, పండగకు ఇంటికి సున్నం కొట్టేటప్పుడు మిగిలిందే కాబట్టి ఖర్చు లేదు. దానికి వేలాడదీసేవి చీనీ (బత్తాయి) చక్రాలు. మన జిల్లాలో చీనీకాయలకు కొదవేముంది, మార్కెట్‌లో మచ్చపడ్డ కాయలు తక్కువకే ఇస్తారు. పావు అంగుళం మందాన అడ్డంగా కోసి, గింజలు తీసి, గుడ్డతో రసం అద్ది, జల్లెడ మీద పరిచి పైన పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టాలి. డిసెంబర్ ఎండకు వారం పడుతుంది, రాత్రి తప్పకుండా లోపలికి తీయాలి, రోజుకోసారి తిప్పాలి. తొందరపడి మెత్తగా ఉన్నప్పుడే కడితే మూడో రోజుకు బూజు పడుతుంది, మాకు మొదటి విడత అంతా అలాగే పోయింది. సరిగ్గా ఎండినవి దీపం ముందు పెడితే రంగు అద్దాల మాదిరి ఉంటాయి, దగ్గరికెళ్తే వాసన. కట్టడానికి మా ఆడపడుచు ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిపోయిన పట్టు దారాలు పంపింది, ఎరుపు, మెంతి రంగు. జనవరిలో చక్రాలు ఎరువు గుంతలోకి, దారాలు డబ్బాలోకి, కొమ్మ స్నానాల నీళ్ళ పొయ్యి కిందకి.

క్రీస్తు పుట్టిన పశువుల పాక బొమ్మను జొన్న దంట్లతో కట్టి, లోపల శనక్కాయ కట్టె పరిచాం. పండగ అయ్యాక పక్కింటి ఆవు అంతా తినేసింది, పాప చాలా సంతోషపడింది. థర్మాకోల్ పాకలు, థర్మాకోల్ అక్షరాలు ఇప్పుడూ అక్కడక్కడ కనిపిస్తున్నాయి గానీ అలంకరణకు థర్మాకోల్ వాడకం 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉంది, చర్చి కమిటీల్లో ఉన్నవాళ్ళు ఈ సంగతి చెప్పండి. మా దగ్గర యూత్ పిల్లలు ఈసారి అట్టపెట్టెలు కోసి అక్షరాలు చేసి, జిగురు పూసి శనక్కాయ పొట్టు అంటించారు, దూరానికి చెక్కడం పని లాగా కనిపించింది.

సీరియల్ సెట్లు కొత్తవి కొనలేదు. పాతవి రెండు సగం వెలిగి సగం ఆరిపోతుంటే టవర్ క్లాక్ దగ్గర రిపేరు చేసే ఒక పెద్దాయనకు ఇచ్చాను, వరసలో ఒక్క బల్బు పోతే ఆ వరస మొత్తం ఆరిపోతుందని చూపించి, పోయిన రెండు బల్బులు మార్చి నలభై రూపాయలు తీసుకున్నాడు. అంత చిన్న పనికి ఇన్నేళ్ళు ఎన్ని సెట్లు పారేశామో.

ఈసారి మా ఆడపడుచు తనకూ ఒక తోలు స్టార్ కావాలంది, కాపరులు కాదు, ఒంటెల మీద జ్ఞానులు కావాలట. ఆయన ఒంటెను ఎలా రాస్తాడో చూడాలని నాకూ ఆత్రంగా ఉంది. మీరు చేయించుకోవాలనుకుంటే దసరా లోపే వెళ్ళి చెప్పండి, ముందు ఫోన్ చేసి వెళ్ళండి. పోయిన నవంబర్‌లో చెప్పకుండా వెళ్తే ఇంటిల్లిపాదీ ఏదో ఎగ్జిబిషన్‌కు ఊరెళ్ళారు, తలుపుకు తాళం, వరండాలో ఆ చెక్క దిమ్మె ఒక్కటే ఉంది.